ప్రమాదకరుడెవడు?

‘పిచ్చివాని చేతిలో రాయి’ యని మనవారు సామెత చెప్పుదురు. ఆ రాయిని వాని చేతినుండి తీసివేయవలెననుటలో ఎవ్వరికిని భేదాభిప్రాయ ముండదు. కాని వాడు పిచ్చివాడని నిర్ణయించువారెవరు? ఏ సాక్ష్యమును బట్టి నిర్ణయింతురు? ఎంతకాలమునకు నిర్ణయింతురు? సామెత ఇంతదూరము పోదు, చట్టము పోవలెను. అమెరికా సంయుక్త రాష్ట్రములు ఈ ప్రశ్నలతో రెండువందల యేండ్లకు పైగా పెనగులాడుచున్నవి. నేడు పెక్కు తెలుగు కుటుంబముల బిడ్డలు ఆ దేశమున చదువుకొనుచు, ఉద్యోగములు చేయుచు నున్నారు గనుక ఈ చరిత్ర మనకు కేవలము పరాయిది కాదు.

ఆ దేశపు రాజ్యాంగమునకు 1791లో చేర్చిన రెండవ సవరణ ఆయుధములు కలిగియుండుట ప్రజల హక్కని చెప్పినది. కాని ‘ప్రజలు’ అను మాటలో ఆనాడు అందరును చేరలేదు. బానిసత్వము చెల్లిన రాష్ట్రములలో బానిసలకు తుపాకి నిషిద్ధము. స్వతంత్రులైన నల్లవారికిని పలుచోట్ల నిషిద్ధమే. అంతర్యుద్ధము ముగిసి బానిసల సంకెళ్లు తెగిన 1865లోనే మిసిసిపి రాష్ట్రము, స్థానికాధికారుల అనుమతి లేనిదే నల్లవారెవ్వరును తుపాకి యుంచుకొనరాదని శాసించెను. వారు చేసిన నేరమేమి? ఒక జాతిలో పుట్టుటయే! 1868లో వచ్చిన పదునాలుగవ సవరణ చట్టమునెదుట అందరును సమానులని ప్రకటించుటకు ఇట్టి శాసనములును ఒక కారణము. అటుపిమ్మట 1911లో న్యూయార్కు రాష్ట్రము సలివన్ చట్టము పేరిట పిస్తోళ్లకు అనుమతిపత్రమును విధించెను. ఆ చట్టములో ఏ జాతి పేరును లేదు. అయినను అనుమతి నిచ్చుటయు మానుటయు అధికారి ఇష్టముపై నుండుటచేత, నాడు అనుమానమునకు గురియైన ఇటలీ వలసవారికి అది ఎట్లు వర్తించెనో ఊహింపవచ్చును.

అయితే మరియొక మార్గమును ఆ దేశముననే యుండెను. 1836లో మసచూసెట్సు రాష్ట్రము చేసిన శాసనము చూడుడు. సరియైన కారణము లేక ఆయుధము ధరించి తిరుగువానివలన తనకు హాని కలుగునని న్యాయమైన భయము గలవారు ఫిర్యాదు చేయవచ్చును. న్యాయాధికారి విచారించి, ఆరు మాసములకు మించని గడువునకు, శాంతిని భంగపరుపనని వానిచేత జామీను ఇప్పించును. ఇచ్చట అడుగునది వాని కులగోత్రములు కావు, వాని నడవడి. పైగా నిర్బంధమునకు గడువు కలదు.

ఈ పాత బీజమే నూటయరువది యేండ్ల పిదప మరల మొలకెత్తెను. 1998 మార్చిలో కనెక్టికటు రాష్ట్రపు లాటరీ కార్యాలయములో ఒక ఉద్యోగి నలుగురిని చంపి తానును చచ్చెను. మరుసటి యేడు ఆ రాష్ట్రము దేశములోనే మొదటిదిగా ఒక చట్టము చేసెను. ఒకడు తనకు గాని ఇతరులకు గాని త్వరలో హాని చేయునని తోచినప్పుడు పోలీసులు విచారించి, ప్రమాణపూర్వకముగా న్యాయమూర్తికి విన్నవింపవలెను. ఆయన సమ్మతించినచో ఆయుధములు తీసికొందురు. పదునాలుగు దినములలో ఆ మనుష్యుని సమక్షమున విచారణ జరుగును. అపాయము రుజువైనచో ఒక యేడాదివరకు ఆయుధములు ప్రభుత్వాధీనమున నుండవచ్చునని ఆ చట్టము మొదట విధించెను.

ఇట్టి చట్టము లేనిచోట నేమగునో ఇండియానా రాష్ట్రము నేర్చుకొన్నది. అచ్చట 2004లో మతి చలించిన ఒకని తుపాకులను పోలీసులు పట్టుకొనిరి. వానిని నిలిపియుంచుటకు చట్టములో ఆధారము లేక కొన్ని మాసములకు తిరిగి యిచ్చివేసిరి. ఆ ఆగస్టులో వాడు కన్నతల్లిని, ఒక పోలీసు అధికారిని కాల్చి చంపెను. 2005లో చట్టము వచ్చెను. కాలిఫోర్నియా 2014లో మరియొక అడుగు వేసి, కుటుంబము వారును న్యాయస్థానము నాశ్రయింపవచ్చుననెను. ఇంటివాని మనస్సులోని మార్పు మొదట కనుపట్టునది ఇంటివారికే గదా! 2018లో ఒక పాఠశాలలో పదునేడుగురు హతులైన పిదప, తుపాకి హక్కులకు పేరుపొందిన ఫ్లారిడాయు ఇదే మార్గము పట్టెను. నేడు ఇట్టి చట్టములు గల రాష్ట్రములు ఇరువదికి మించియున్నవి.

ఆక్షేపణలు లేకపోలేదు. మొదటి ఉత్తరువు ఎదుటివాని మాట వినకయే పుట్టును. పగవారు దీనిని దుర్వినియోగము చేయవచ్చును. 2018లో మేరీలాండులో ఇట్టి ఉత్తరువును అమలుపరుప వేకువజామున వెళ్లిన పోలీసుల చేతిలో ఇంటివాడే మరణించెను. మతిభ్రమ గలవారందరును హంతకులను అపోహ బలపడునను భయమును గలదు; నిజమునకు వారిలో అధికసంఖ్యాకులు ఎవ్వరికిని హాని చేయరు. ఈ మాటలను త్రోసివేయరాదు. కాని మరియొక సత్యమును మరువరాదు. అమెరికాలో తుపాకివలన కలుగు మరణములలో సగమునకు పైగా ఆత్మహత్యలే. కనెక్టికటు చట్టమును పరిశీలించిన పండితులు, ఆయుధములు తీసికొన్న పది యిరువది సందర్భములకు ఒక ప్రాణము చొప్పున దక్కినదని 2017లో అంచనా వేసిరి. కావున ఈ చట్టము అపరాధినుండి లోకమును కాపాడుటకే కాదు, దుఃఖితుని తన చేతినుండి తానే కాపాడుటకును.

2024 జూనులో అమెరికా సుప్రీముకోర్టు రహీమీ వ్యాజ్యమున తీర్పు చెప్పెను. ఇతరుల ప్రాణమునకు అపాయకరుడని న్యాయస్థానము నిర్ణయించిన వానిని తాత్కాలికముగా నిరాయుధుని చేయుట రాజ్యాంగవిరుద్ధము కాదని, తొమ్మండుగురిలో ఎనమండుగురు న్యాయమూర్తులు అంగీకరించిరి. అందుకు వారు ఉదాహరించిన పూర్వాచారములలో పైన చెప్పిన మసచూసెట్సు జామీను శాసనమును గలదు.

చదువరులు ఈ రెండు శాసనములను ప్రక్కప్రక్కన నుంచి చూడవలెను. మిసిసిపి శాసనము ‘నీవెవరికి పుట్టితివి?’ అని యడిగెను. మసచూసెట్సు శాసనము ‘నీవేమి చేసితివి?’ అని యడిగెను. మొదటిది భద్రత పేరిట జరిగిన అధర్మము. రెండవది ధర్మమునకు లోబడిన భద్రత. తుపాకుల విషయముననే కాదు, మనుష్యుని మనుష్యుడు తూచవలసివచ్చిన ప్రతి విషయమునను ఈ రెండు ప్రశ్నలలో మన నోట ఏది వచ్చుచున్నదో ఎవరికి వారు విచారించుకొనుట మేలు.