వంతెన అవతలి ఊరు

రోములో రైలెక్కి ఉత్తరంగా వెళ్లి, ఓర్వియేతోలో దిగి బస్సు పట్టుకుంటే ఇరవై కిలోమీటర్ల అవతల బాన్యొరేజో వస్తుంది. చిన్న పట్నం. దాని తూర్పు కొసదాకా నడిచామంటే నేల ఉన్నట్టుండి తెగిపోయి పెద్ద లోయ కనిపిస్తుంది. లోయ నడుమ నిట్టనిలువు అంచులతో ఒక రాతి గుట్ట. గుట్ట నెత్తిమీద తేనెరంగు గోడలు, పెంకుల కప్పులు, ఒక గంటల గోపురం. అదే చీవితా ది బాన్యొరేజో. అక్కడికి చేరడానికి ఉన్నది ఒక్కటే దారి, 1965లో కట్టిన కాంక్రీటు కాలి వంతెన. పొడవు సుమారు 300 మీటర్లు. మొదట్లో హాయిగానే ఉంటుంది గానీ, ఊరి దగ్గరకొచ్చేసరికి ఏటవాలు పెరిగి ఆయాసం తెప్పిస్తుంది. కార్లు రావు. ఒకప్పుడు గాడిదలు మోసిన సరుకును ఇప్పుడు చిన్న మోటారు బండ్లు మోస్తున్నాయి.

ఈ ఊరికి 'చచ్చిపోతున్న ఊరు' అని పేరు. బాన్యొరేజోలోనే పుట్టిన రచయిత బొనవెంతూరా తెక్కి (1896-1968) పెట్టిన పేరది. ఇప్పుడు పర్యాటక పుస్తకాలన్నీ దాన్నే అట్టమీద వేసుకుంటున్నాయి. ఊరు రోజురోజుకీ లోయలోకి కూలిపోతోంది, పోకముందే చూసి రావాలి అన్న తొందర జనాన్ని ఇక్కడికి లాక్కొస్తోంది. కూలుతున్న మాట నిజమే. అయితే ఈ ఊరు ఖాళీ కావడంలో మట్టి పాత్ర ఎంత, మనుషుల పాత్ర ఎంత అని విడదీసి చూస్తే, నాకు రెండోదే బరువుగా తోస్తుంది.

ముందు మట్టి సంగతి చూద్దాం. గుట్ట పైభాగమంతా టఫ్ అనే రాయి. పక్కనున్న బొల్సేనా ప్రాంతపు అగ్నిపర్వతాలు లక్షల ఏళ్ల కిందట కక్కిన బూడిద పొరలుపొరలుగా పడి, బిగిసి ఈ రాయి అయింది. మెత్తనిది కాబట్టి గునపంతో తొలిచి గదులు చేసుకోవచ్చు, దిమ్మెలుగా కోసి గోడలు కట్టుకోవచ్చు. ఇల్లు కట్టుకునేవాడికి ఇంతకన్నా అనువైన రాయి దొరకడం కష్టం. చిక్కంతా దాని కింద ఉంది. కింద ఉన్నది ఒకనాటి సముద్రం అడుగున పేరుకున్న బంకమన్ను. మన నల్లరేగడిలాగే తడిస్తే ఉబ్బి మెత్తబడుతుంది, ఎండితే నెర్రెలు విచ్చుతుంది. వాన నీరు టఫ్ పగుళ్లలోంచి దిగి ఆ మన్నును నానబెడుతుంది. లోయలో పారే రియో కియారో, రియో తోర్బిదో అనే రెండు వాగులు అడుగు నుంచి దాన్ని కోసుకుపోతాయి. కింద ఆసరా పోయాక పైన రాయి అంచు వెంబడి నిలువునా పగులుతుంది. కొన్నాళ్లకు ఆ ముక్క మీదున్న ఇళ్లతో సహా ఒరిగిపోతుంది. చుట్టూ రంపపు పళ్లలా లేచి కనిపించే బూడిదరంగు మట్టి గట్లు ఈ కోత మిగిల్చినవే. వాటిని స్థానికులు కలాంకి అంటారు.

ఇక్కడ మొదట ఊరు కట్టినవాళ్లు ఎట్రుస్కన్లు, దాదాపు 2500 ఏళ్ల కిందట. రోము రాజ్యం కాకముందు మధ్య ఇటలీని ఏలిన జాతి అది. గుట్ట స్వభావం వాళ్లకు బాగా తెలుసు. వాన నీరు పోయేందుకు కాలువలు తవ్వారు, వాగుల ఉరవడి తగ్గించే పనులు చేశారు. తర్వాత రోమన్లు వాటిని కొనసాగించారు. ఆ పైన వచ్చినవాళ్లు పట్టించుకోలేదు. పాతకాలం వాళ్లకు నేల మీద ఉన్న శ్రద్ధ తమకు లేకపోయిందే అన్న బాధ ఇక్కడివాళ్ల మాటల్లో ఇప్పటికీ వినిపిస్తుంది.

వంతెన దిగగానే శాంతా మరియా ద్వారం. కొండరాతిని తొలిచి చేసిన సొరంగం లాంటి దారి ఇది. ఈ తొలుపు ఎట్రుస్కన్ల నాటిదంటారు. తలెత్తి చూస్తే రెండు రాతి సింహాలు కనిపిస్తాయి. వాటి పంజాల కింద మనిషి తలలు ఉన్నాయి. ఓర్వియేతోకు చెందిన మొనాల్దెస్కి వంశం ఈ ప్రాంతం మీద పెత్తనం చేసేది. 15వ శతాబ్దంలో ఊరివాళ్లు తిరగబడి ఆ పెత్తనాన్ని వదిలించుకున్నారు. ఆ గెలుపుకు గుర్తే ఈ సింహాలు. ఇవాళ పదిమందైనా స్థిరంగా ఉంటారో లేదో అన్నట్టున్న ఈ ఊరికి ఒకనాడు సొంత సభ ఉండేది, బిషప్ ఉండేవాడు, పెద్ద దొరలను ఎదిరించే దమ్ము ఉండేది.

ద్వారం దాటాక చిన్న ఖాళీ స్థలం వస్తుంది. అక్కడ ఎడంగా నిలబడి ఒక భవనాన్ని కాసేపు చూడాలి. అందంగా చెక్కిన రాతి చట్రాలతో పైన కిటికీలు, కింద తలుపు, పునరుజ్జీవన కాలపు ముఖభాగం. బాగా బతికిన కుటుంబం ఇల్లని ఒక్క చూపులో తెలిసిపోతుంది. అయితే ఆ పై కిటికీలలోంచి గది కప్పు కనిపించదు, నీలాకాశం కనిపిస్తుంది. ఇంటి వెనుక సగం ఎప్పుడో లోయపాలైంది. వీధివైపు గోడ మాత్రం ఉండిపోయింది.

అక్కణ్నుంచి నాలుగడుగులేస్తే ఊరి నడిబొడ్డు. చదును చేసిన మట్టి నేల, రాళ్లు పరవలేదు. రోమన్ల కాలంలో ఊరి సభాస్థలం ఇదేనంటారు. ఎదురుగా శాన్ దొనాతో చర్చి, ముందు విరిగిన పాత స్తంభాల మొదళ్లు. గోపురం మొదట్లో ఎట్రుస్కన్ల రాతి శవపేటికలు కనిపిస్తాయి. ఒక నాగరికత పోతే దాని రాళ్లు మరో నాగరికతకు పునాదులైన తీరు ఇక్కడ పది గజాల మేర చదువుకోవచ్చు. ఇళ్ల కింద ఉన్న గుహలు కూడా అంతే. ఎట్రుస్కన్లు తొలిచిన గదుల్లో తర్వాతివాళ్లు ద్రాక్షసారా నిలవ చేశారు, పావురాలను పెంచారు, గాడిదను కట్టి రాతి గానుగలో ఆలివ్ నూనె ఆడించారు. ఆ గానుగరాయి ఇప్పటికీ చూపిస్తారు.

ఊరు కన్న పెద్ద మనిషి బొనవెంతూరా. అసలు పేరు జొవాన్ని, తండ్రి వైద్యుడు. పుట్టింది 13వ శతాబ్దం తొలినాళ్లలో. చిన్నతనంలో ప్రాణం మీదికి వస్తే అస్సీసీ ఫ్రాన్సిస్ దయవల్ల బతికి బయటపడ్డానని తనే రాసుకున్నాడు. పారిస్‌లో చదివి, అక్కడే బోధించి, 1257లో ఫ్రాన్సిస్కన్ సన్యాసులందరికీ అధిపతి అయ్యాడు. ఫ్రాన్సిస్ జీవితచరిత్ర రాశాడు. 1274లో లియోన్ మహాసభ జరుగుతుండగా అక్కడే కన్నుమూశాడు. దాంతే తన మహాకావ్యంలోని స్వర్గభాగం 12వ సర్గలో ఆయన చేతనే మాట్లాడించి, బాన్యొరేజో పేరును కూడా ఆయన నోటనే పలికించాడు. ఇంతటివాడి ఇల్లు చూద్దామని వెళితే అంచున చిన్న గుర్తు తప్ప ఏమీ లేదు, ఇల్లు లోయలోకి పోయింది. లియోన్‌లో ఉంచిన భౌతికకాయాన్ని 1562లో మతయుద్ధాల వేళ తగలబెట్టారు. అంతకుముందే సొంతూరికి తెచ్చుకున్న చేయి ఒక్కటి మిగిలింది. వెండి తొడుగులో భద్రంగా ఉన్న ఆ చేయిని చూడాలంటే వంతెన వెనక్కి దాటి బాన్యొరేజో కథీడ్రల్‌కి వెళ్లాలి.

1695 జూన్‌లో పెద్ద భూకంపం వచ్చింది. ఇళ్లు కూలాయి. చీవితాను బాన్యొరేజోతో కలిపే నేల బాగా దెబ్బతింది. ఆ తర్వాత కొన్నేళ్లకే బిషప్ తన పీఠాన్ని బాన్యొరేజోకు మార్చుకున్నాడు. ఊరి పాలన కూడా అటే వెళ్లింది. నా దృష్టిలో చీవితాకు అసలు దెబ్బ ఇదే. రాయి అంతకు వెయ్యేళ్ల ముందు నుంచీ జారుతూనే ఉంది, ఒక వీధి పోతే జనం పక్క వీధిలో ఇల్లు కట్టుకుంటూనే ఉన్నారు. కథీడ్రల్ హోదా పోయి, కచేరీ పోయాక, పనున్నవాళ్లు పని వెంట వెళ్లారు. కూలిన ఇల్లు తిరిగి కట్టేవాడు కరువయ్యాడు. చుట్టుపక్కల మిగిలిన నేలను వానలు, వాగులు, తర్వాతి ప్రకంపనలు నెమ్మదిగా తినేసి గుట్టను ఒంటరిని చేశాయి. రెండో ప్రపంచ యుద్ధంలో వెనక్కి తగ్గుతున్న జర్మన్ సేనలు అప్పటి వంతెనను పేల్చేశాయి. ఇప్పటి వంతెన వచ్చేసరికి ఊళ్లో దాన్ని వాడుకునే కుటుంబాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని.

2006లో వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాలో చీవితాను చేర్చింది. 2013లో ఊళ్లోకి రావడానికి టికెట్టు పెట్టారు. మొదట ఒకటిన్నర యూరో, తర్వాత అయిదు. వెనిస్ నగరం ఇలాంటి రుసుము వసూలు చేయడం మొదలుపెట్టింది 2024లో. అంటే ఈ చిన్న గుట్ట పదకొండేళ్లు ముందుంది. డబ్బు అడిగితే జనం తగ్గుతారేమో అనుకుంటే పెరిగారు. ఏడాదికి వేలల్లో వచ్చేవాళ్లు లక్షల్లోకి వెళ్లారు. రాతి అంచులను ఉక్కు కడ్డీలతో బిగించే పనులు జరిగాయి. పగుళ్లు ఎంత కదులుతున్నాయో పరికరాలు చూస్తుంటాయి. ఊళ్లోనే ఒక పాత భవనంలో కొండచరియల మ్యూజియం పెట్టి, జారుడు ఎలా జరుగుతుందో వచ్చినవాళ్లకు బొమ్మలతో వివరిస్తున్నారు. ఇవన్నీ మంచి పనులు. అయిదు యూరోలు ఇవ్వడానికి ఎవరూ వెనకాడక్కర్లేదు.

కానీ పగలు నిండిన వీధులు సాయంత్రానికి ఎందుకు ఖాళీ అవుతున్నాయో ఆ టికెట్టు చెప్పదు. ఇళ్లు చాలావరకు బయటివాళ్ల విడిది ఇళ్లయ్యాయి, లేదా అద్దె గదులయ్యాయి. కిటికీల కింద పూలకుండీలు చక్కగా ఉన్నాయి, లోపల కాపురాలు లేవు. బడికెళ్లే పిల్లాడు వీధిలో ఎదురుకాడు. ఇంత ఖర్చుపెట్టి రాయిని నిలబెడుతున్నవాళ్లు, ఇక్కడ ఏడాదంతా ఉంటామనే కుటుంబాలకు కూడా ఏదో ఒక సాయం చేస్తే బాగుండునని మనసారా అనిపిస్తుంది. రాయిని కాపాడటంలో ఇంత నేర్పు చూపినవాళ్లకు అది చేతకాని పనేమీ కాదు.

ఊరి మీద మమకారం చావలేదనడానికి రెండు రుజువులున్నాయి. ఒకటి తొన్న, అంటే గాడిదల పరుగు పందెం. ఏటా జూన్‌లో, సెప్టెంబరులో చర్చి ముందరి మట్టి నేల మీదే జరుగుతుంది. బాన్యొరేజోలో స్థిరపడ్డవాళ్లు కూడా ఆ రోజు పిల్లాపాపలతో వచ్చి, తమవాళ్ల గాడిద గెలవాలని గొంతు చించుకుంటారు. రెండోది గుడ్ ఫ్రైడే. శాన్ దొనాతోలో 15వ శతాబ్దపు చెక్క క్రీస్తు విగ్రహం ఉంది. ఆ రాత్రి దాన్ని సిలువ నుంచి దించి, పాడె మీద పడుకోబెట్టి, వంతెన మీదుగా బాన్యొరేజోకు ఊరేగింపుగా తీసుకెళ్తారు. అర్ధరాత్రిలోపు విగ్రహం తిరిగి రాకపోతే అది బాన్యొరేజో సొంతమైపోతుందని కట్టుబాటు. బిషప్‌ను, కచేరీని వదులుకున్న ఊరు దీన్ని మాత్రం వదులుకోలేదు. ఊరేగింపు ముగిసిందో లేదో, మోసేవాళ్లు పాడె భుజానికెత్తుకుని, గడియారం చూసుకుంటూ వంతెన ఎక్కేస్తారు.