లక్ష్మి (రమణాశ్రమపు ఆవు)

లక్ష్మి (మరణం: 18 జూన్ 1948) తిరువణ్ణామలైలోని రమణాశ్రమంలో సుమారు రెండు దశాబ్దాలు మెలగిన ఆవు. రమణ మహర్షి (1879–1950) అరుణాచలం కొండ మీద ఉన్న రోజుల్లో ఆయనకు ఆకుకూరలు వండిపెట్టిన ఒక ముసలమ్మే మళ్లీ ఈ ఆవుగా పుట్టిందని భక్తుల గట్టి నమ్మకం. సాకుతున్న జంతువు వెనుక ఎవరిదో పాత జన్మ ఉందనుకోవడం మన ఇళ్లలో కొత్త కాదు. ‘ఏ జన్మ ఋణమో’ అని తేలిగ్గానే అనేస్తాం. అయితే చూసినవాళ్లు తేదీలతో సహా రాసిపెట్టిన సందర్భాలు అరుదు. లక్ష్మి కథకు ఆ విలువ ఉంది.

ఆశ్రమానికి రాక

కుమారమంగళానికి చెందిన అరుణాచలం పిళ్లై 1926లో ఒక ఆవును, దాని పెయ్యదూడ లక్ష్మిని తెచ్చి సమర్పించాడు. ఆ ఊరు పాత ఉత్తర ఆర్కాటు ప్రాంతంలోది. గుడియాత్తం దగ్గరని కొందరు, కణ్ణమంగళం దగ్గరని కొందరు రాశారు. అప్పటికి ఆశ్రమమంటే మహర్షి తల్లి అళగమ్మ (మరణం: 1922) సమాధి చుట్టూ వెలసిన కొద్దిపాటి కట్టడాలే, చిరుతల భయం కూడా ఉండేది. పశువుల్ని ఎవరు చూస్తారని మహర్షి మొదట ఒప్పుకోలేదు. ఒక భక్తుడు పూచీపడటంతో ఉంచారు గాని, కొన్ని నెలలకే రెంటినీ ఊళ్లో పశువుల్ని సాకే ఒకాయనకు అప్పగించాల్సి వచ్చింది. ఏడాది తరువాత ఆయన దర్శనానికి వస్తూ వాటినీ తోలుకొచ్చాడు. అప్పటినుంచి పెయ్య దారి మరవలేదు. పొద్దున్నే ఒంటరిగా ఆశ్రమానికి వచ్చేది, సాయంత్రం ఊళ్లోకి వెళ్లిపోయేది. కొంతకాలానికి అక్కడే స్థిరపడింది.

లక్ష్మి నడవడిని చూసినవాళ్లు చాలామందే రాశారు. ఆర్థర్ ఆస్‌బర్న్ తన రమణ జీవిత చరిత్రలో జంతువుల కోసం ఒక అధ్యాయమే కేటాయించాడు. భోజనవేళకు లక్ష్మి హాలులోకి వచ్చి నిలబడేదట. గడియారం చూడకుండానే జనం లేచేవారట. కొత్త గోశాల ప్రవేశం రోజున లక్ష్మిని ముందు లోపలికి తోలబోతే అది తప్పించుకుని మహర్షి దగ్గరకు పోయి పడుకుంది. ఆయన లేచి వచ్చి ముందు అడుగు పెట్టాకే తాను వెనకాల వెళ్లింది. ఎన్ని ఈతలు ఈనిందన్న లెక్క రచనను బట్టి మారుతుంది. వాటిలో కొన్ని సరిగ్గా రమణ జయంతి నాడే ఈనిందన్న మాట మాత్రం అందరిలోనూ కనిపిస్తుంది.

కీరైపాట్టి

తమిళంలో ‘కీరై’ అంటే ఆకుకూర, ‘పాట్టి’ అంటే అవ్వ. ఆకుకూరలు వండిపెట్టిన ఆ ముసలమ్మను అలా పిలిచేవారు. ఆమె అసలు పేరు ఎవరూ రాయలేదు. అరుణాచలం కొండ మీద గుహై నమశ్శివాయ ఆలయం దగ్గర మండపంలో ఉండేది. మహర్షి విరూపాక్ష గుహలోనూ (1916 దాకా), స్కందాశ్రమంలోనూ (1916–1922) ఉన్న కాలంలో కొండంతా తిరిగి ఆకు కోసుకొచ్చి, వండి ఆయనకు పెట్టేది. మహర్షి కూడా ఆమె ఉండే చోటికి వెళ్లి ఆకు తరిగిపెట్టేవారని భక్తుడు దేవరాజ ముదలియార్ రాశాడు. కీరైపాట్టి 1921 ప్రాంతంలో మరణించిందని ఎక్కువమంది చెబుతారు.

ఆమే లక్ష్మి అని మొదట అన్నదెవరో స్పష్టం కాదు. ఆధారంగా చూపేది ప్రవర్తనే: ఆయన మీద ఆ ఆవుకున్న చనువు, ఆయన దానికి ఇచ్చిన ఆదరణ, ఆయనకు ఆ అవ్వ పట్ల ఉన్న కృతజ్ఞత. అవ్వ మరణానికీ పెయ్య రాకకూ మధ్య సుమారు అయిదేళ్ల ఖాళీని ఎవరూ పట్టించుకున్నట్టు లేదు. పునర్జన్మను నమ్మేవారికి అది అడ్డం కాకపోవచ్చు. ఈ గుర్తింపును మహర్షి నోట నేరుగా చెప్పించే కథనాలు తరువాతి సంకలనాల్లో ఉన్నాయి. దగ్గరుండి రాసినవారి ధోరణి అంత తెగేసినది కాదు. భక్తుల నమ్మకంగా చెప్పి ఊరుకోవడమే సబబనిపిస్తుంది. అసలు ఆయన బోధలో పునర్జన్మకు స్థానం పరిమితం: అజ్ఞానం ఉన్నంతవరకే జన్మలు. అయితే చుట్టూ తిరిగే జంతువుల్లో ఏ జీవి ఏ కర్మశేషం తీర్చుకోవడానికి వచ్చిందో మనకేం తెలుసని ఆయన అనేవారని కూడా రాతల్లో ఉంది. కుక్కల్ని సైతం ‘పిల్లలు’ అనే పిలిచేవారు.

మరణం, ‘విముక్తి’ వివాదం

1948 జూన్ 18 శుక్రవారం లక్ష్మి అవసాన దశలో ఉండగా మహర్షి గోశాలకు వెళ్లి పక్కనే కూర్చున్నారు. ఒక చెయ్యి తల మీద, మరొకటి గుండె భాగం మీద ఉంచారు. 1922లో తల్లి చివరి ఘడియల్లోనూ ఇలాగే చేశారు. అందుకే భక్తులు ఈ స్పర్శకు అంత విలువ ఇస్తారు. మధ్యాహ్నానికి ముందే లక్ష్మి ప్రాణం విడిచింది. స్నానం చేయించి, పసుపు కుంకుమలతో అలంకరించి ఆశ్రమ ఆవరణలోనే సమాధి చేశారు.

సమాధి మీద చెక్కడానికి మహర్షి తమిళంలో ఒక పద్యం రాశారు. అందులో సర్వధారి సంవత్సరం, జ్యేష్ఠ శుద్ధ ద్వాదశి, శుక్రవారం, విశాఖ నక్షత్రం అన్న కాలనిర్దేశం ఉంది. లక్ష్మి విముక్తి పొందిందన్న మాట ఉంది. చర్చంతా ఈ చివరి మాట మీదే. సన్యాసి పోతే ‘సిద్ధి పొందాడు’ అన్నట్టు మర్యాదకు వాడారా, నిజార్థంలోనేనా అని ముదలియార్ ఆయన్నే అడిగాడు. నిజార్థంలోనే అని జవాబు వచ్చినట్టు రాశాడు. అడిగినవాడే రాసినది కనుక దీన్ని తోసిపుచ్చడం కష్టం. మనుష్యజన్మ దుర్లభమని మొదట్లోనే చెప్పే ‘వివేకచూడామణి’ని తమిళ వచనంలోకి తెచ్చింది స్వయంగా మహర్షే కావడం ఇక్కడ గమనించదగ్గది.

గుంటూరు ప్రాంతంలో పుట్టిన సూరి నాగమ్మ 1945 నుంచి అన్న డి.ఎస్. శాస్త్రికి తెలుగులో రాసిన ‘శ్రీ రమణాశ్రమ లేఖలు’లో లక్ష్మి ప్రస్తావన ఉంది. ఆ లేఖల్లో చాలావాటిని హాలులో మహర్షి సమక్షంలోనే చదివి వినిపించేవారు. పొరపాటుంటే సవరించే అవకాశం అక్కడే ఉండేది గనుక, తరువాతి జ్ఞాపకాల పుస్తకాలకన్నా వీటి మీద ఆధారపడటం మేలు.

పోలికలు

ఇలాంటి నమ్మకం ఆశ్రమంలోనే మరొకటి ఉంది. 1947లో బరోడా నుంచి తెల్ల నెమలి వచ్చింది. అంతకుముందు ఏడు చనిపోయిన మాధవస్వామి అనే పరిచారకుడే అలా తిరిగొచ్చాడని కొందరన్నారు. బతికుండగా పుస్తకాల బాధ్యత అతనిది. నెమలి కూడా పుస్తకాల దగ్గరే మసలేదట. ఇది లక్ష్మి కథంత బలంగా నిలవలేదు.

పురాణాల్లో దగ్గరి ఉదాహరణ జడభరతుడిది. తెలుగు భాగవతంలో ఆ కథ ఉన్న పంచమ స్కంధం గంగన రచన. లేడిపిల్ల మీద మమకారంతో భరతుడు లేడిగా పుడతాడు. అక్కడ జంతుజన్మ పతనం. కీరైపాట్టి విషయంలో ఎవరూ అలా అనలేదు. సాలీడు, పాము, ఏనుగు ముక్తి పొందిన శ్రీకాళహస్తి కథ, ధూర్జటి కావ్యం ద్వారా మనకు పరిచితమైనది, లక్ష్మికి ఎక్కువ దగ్గర. దివ్యజ్ఞాన సమాజపు లెడ్‌బీటర్ చెప్పిన సిద్ధాంతం లక్ష్మి కథకు తలకిందులు: జంతువులకు ఉమ్మడి ఆత్మ ఉంటుంది, మనిషి ప్రేమకు నోచుకున్న పెంపుడు జంతువు దాని నుంచి విడివడి తరువాత మనిషిగా పుడుతుంది. ఆ సమాజపు కేంద్రమైన అడయారుకూ అరుణాచలానికీ దూరం తక్కువే అయినా, లక్ష్మి గురించి రాసినవారెవరూ ఈ సిద్ధాంతం జోలికి పోయినట్టు కనిపించదు.

లక్ష్మి సమాధి పక్కనే వల్లి అనే లేడికి, ఒక కాకికి, జాకీ అనే కుక్కకు కూడా సమాధులున్నాయి. వాటికి పూర్వజన్మ కథలు పెద్దగా ప్రచారంలో లేవు.