పన్నెండు వారాల పునాది – లాబ్రడార్ జాగిలాల పెంపకం చరిత్ర

ఫౌజులో పనిచేసిన మనలో చాలామందికి జాగిలం అనగానే గుర్తుకొచ్చేది రోడ్ ఓపెనింగ్ పార్టీ. ముందు జాగిలం, దాని వెనక హ్యాండ్లర్, ఆ వెనక మిగతా జవాన్లు. అది వాసన పట్టి కూర్చుందంటే అందరూ ఎక్కడివారక్కడ ఆగిపోతారు. అంతమంది ప్రాణాలు అప్పుడు ఒక మూగజీవి ముక్కు మీద ఆధారపడి ఉంటాయి. అలాంటి జాగిలం ఎక్కడ తయారవుతుంది అంటే, ట్రైనింగ్ సెంటర్లో అని వెంటనే చెప్పేస్తాం. అది సగమే నిజం. మిగతా సగం అంతకుముందే, తల్లిదండ్రులను ఎంచుకోవడంలోనూ, పిల్ల పుట్టిన తొలి పన్నెండు వారాలలోనూ జరిగిపోతుంది. ఈ సంగతి మనుషులకు రుజువులతో సహా తెలియడానికి చాలా కాలం పట్టింది. ఆ కథను మన సభ్యుల ముందు పెట్టాలని ఈ వ్యాసం.

జాలర్ల కుక్క

పేరు లాబ్రడార్ అయినా ఈ జాతి మూలం కెనడా తూర్పు తీరాన ఉన్న న్యూఫౌండ్లాండ్ దీవి. అక్కడి జాలర్లు సెయింట్ జాన్స్ అనే పొట్టి వెంట్రుకల నల్ల కుక్కలను పెంచేవారు. వలల తాళ్లు లాగడం, జారిపోయిన చేపలను చల్లటి నీళ్లలో దూకి పట్టి తేవడం వాటి పని. 19వ శతాబ్దంలో చేపల ఓడల మీద ఇవి ఇంగ్లండులోని పూల్ రేవుకు చేరాయి. మామ్స్‌బరీ ప్రభువుల కుటుంబం వీటిని వేటకు పెంచింది. 1880లలో వారి దగ్గరి నుంచి స్కాట్లండులోని బక్లూ ప్రభువుకు నెడ్, ఏవన్ అనే కుక్కలు వెళ్లాయి. నేటి లాబ్రడార్ వంశానికి అవే పునాది అంటారు. 1903లో ఇంగ్లండు కెనెల్ క్లబ్ దీన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది.

ఆ ప్రభువులు అందం చూసి కాదు, పని చూసి జత కలిపారు. తుపాకీ మోతకు బెదరకూడదు, పట్టిన పక్షిని నలపకూడదు, మనిషి చెప్పింది వినాలి. మన పనికి లాబ్రడార్ పనికొచ్చిందంటే ఆ ఎంపిక వల్లనే.

నూటికి తొమ్మిది

రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1942లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక మార్గదర్శక జాగిలాల సంస్థ మొదలైంది. 1946 నాటికి అక్కడి లెక్క చూస్తే నిరాశే. శిక్షణలో చేరిన కుక్కల్లో నూటికి 9 మాత్రమే పాసయ్యేవి. ట్రైనర్లు మంచివాళ్లే, తిండికి కొరత లేదు. మరి లోపం ఎక్కడుంది? క్లారెన్స్ ఫాఫెన్‌బర్గర్ అనే ఆయన ఈ ప్రశ్న పట్టుకుని, మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో కుక్కల స్వభావం మీద పరిశోధన చేస్తున్న జాన్ పాల్ స్కాట్ దగ్గరకు వెళ్లాడు.

బార్ హార్బర్‌లో 1961లో ప్రచురించిన ఒక ప్రయోగం గురించి చెప్పుకోవాలి. ఎత్తయిన కంచె కట్టిన పొలంలో కాకర్ స్పానియల్, బీగిల్ పిల్లలను మనుషులకు దూరంగా పెంచారు. కొన్నిటిని 2వ వారంలో, కొన్నిటిని 3, 5, 7, 9 వారాలలో బయటకు తీసి ఒక్క వారం మనుషుల మధ్య ఉంచారు. కొన్నిటిని 14 వారాలదాకా తియ్యనే లేదు. అలా మిగిలినవి అడవి జంతువుల్లా తయారయ్యాయి. మనిషిని చూస్తే పారిపోవడమే, తాడు కడితే గిలగిల కొట్టుకోవడమే. స్కాట్, ఫుల్లర్ ఇద్దరూ 1965లో తెచ్చిన పుస్తకంలో దీన్ని వివరంగా రాశారు. సుమారు 3వ వారం నుంచి 12వ వారం వరకు కుక్కపిల్ల మనసు తలుపు తెరిచి ఉంటుందని, ఆ తరువాత మెల్లగా మూసుకుపోతుందని వారు తేల్చారు. ప్రయోగం వేరే జాతుల మీద జరిగినా ఈ సూత్రం లాబ్రడార్‌కూ వర్తిస్తుంది.

కాలిఫోర్నియా సంస్థలో ఇంకో సంగతి బయటపడింది. 12 వారాల వయసులో పరీక్షలు పాసైన పిల్లలను వారంలోపే ఇళ్లకు పంపితే నూటికి 90 మంచి మార్గదర్శక జాగిలాలయ్యాయి. మూడు వారాలకు మించి కెనెల్‌లోనే ఉంచేసిన వాటిలో 30 మాత్రమే నెగ్గాయి. అవే పిల్లలు, అదే తిండి. తేడా ఆ కొద్ది వారాలదే. బ్రిటన్‌లో కూడా 1956 నుంచి పిల్లలను శిక్షణకు ముందు మామూలు కుటుంబాలలో పెంచే పద్ధతి పెట్టారు.

ఎముక, రక్తం, తిండి

మనసు సంగతి అలా ఉంటే శరీరం సంగతి వేరు. లాబ్రడార్‌కు పెద్ద శత్రువు తుంటి కీలు వదులుగా ఏర్పడే జబ్బు. 1935లో అమెరికాలో దీన్ని మొదట వర్ణించారు. లాబ్రడార్‌లను ప్రేమగా పెంచిన జాన్ ఓలిన్ అనే పారిశ్రామికవేత్త చొరవతో 1966లో కుక్కల తుంటి ఎక్స్‌రేలు పరిశీలించి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ ఏర్పడింది. తుది సర్టిఫికెట్‌కు రెండేళ్లు నిండాలి. అంటే పైకి ఎంత చక్కగా ఉన్నా ఎక్స్‌రే తీయకుండా జత కలపడం గుడ్డి దెబ్బే.

2008లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వారు మరో లోపానికి కారణమైన జన్యువును కనుగొన్నారు. ఈ లోపం ఉన్న లాబ్రడార్ గట్టిగా పరుగెత్తిన 5 నుంచి 15 నిమిషాలకు వెనక కాళ్లు తూలి పడిపోతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే ఇది బయటపడుతుంది. రక్త పరీక్ష చేస్తే ముందే తెలుస్తుంది. సర్చ్ ఆపరేషన్ మధ్యలో తెలిస్తే ఏం లాభం?

తిండి గురించి కూడా ఒక మాట. 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకదానికి 25 శాతం తక్కువ తిండి పెట్టి, జీవితాంతం గమనించి 2002లో ఫలితం ప్రకటించారు. తక్కువ తిన్నవి సుమారు 1.8 సంవత్సరాలు ఎక్కువ బతికాయి, వాటి కీళ్లూ బాగున్నాయి. ఇష్టంకొద్దీ నెయ్యన్నం పెట్టే మన ఇళ్లకు ఇది గట్టి హెచ్చరిక.

మీరట్ నుంచి సరిహద్దు దాకా

మన సైన్యంలో జాగిలాల శిక్షణ పాఠశాల 1960 మార్చి 1న మీరట్‌లో, రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ ఆధ్వర్యంలో మొదలైంది. గన్ డ్యూటీకి మనం వెళ్లినట్టే మందుపాతర డ్యూటీకి లాబ్రడార్ వెళుతుంది. 1993 ముంబయి పేలుళ్ల తరువాత పోలీసు లాబ్రడార్ జంజీర్ 3,329 కిలోల ఆర్డీఎక్స్ పట్టించింది. 2015 ఆగస్టులో కశ్మీర్‌లోని తంగ్‌ధార్ సెక్టారులో మాన్సీ అనే లాబ్రడార్, దాని హ్యాండ్లర్ బషీర్ అహ్మద్ వార్ కలిసి ప్రాణాలిచ్చారు. మాన్సీకి మరణానంతరం మెన్షన్ ఇన్ డిస్పాచెస్ గౌరవం దక్కింది. 2016 గణతంత్ర దినోత్సవంలో 26 ఏళ్ల తరువాత జాగిలాల దళం రాజ్‌పథ్ మీద కవాతు చేసింది. 2023 సెప్టెంబరులో రాజౌరీలో 21 ఆర్మీ డాగ్ యూనిట్‌కు చెందిన ఆరేళ్ల కెంట్ తన హ్యాండ్లర్‌ను కాపాడుతూ వీరమరణం పొందింది.

తూటాలు పేలుతుంటే వెనక్కి తిరగని ఆ ధైర్యానికి శిక్షణ ఒక్కటే కారణం కాదు. మోతకు, కొత్త మనిషికి, కొత్త నేలకు భయపడకుండా పెరిగిన పిల్లకే ఆ శిక్షణ అంటుకుంటుంది. పల్లెలో పొలం పనిచేసి గట్టిపడిన కుర్రవాడు రెజిమెంటల్ సెంటర్లో తొందరగా జవాను అయినట్టే ఇదీ.

మనం చేయగలిగింది

రిటైరైన తరువాత లాబ్రడార్ పెంచుకునేవారు మనలో ఎందరో ఉన్నారు. కొందరు పిల్లలు కూడా తీస్తున్నారు. 2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం పిల్లలు తీసి అమ్మేవారు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లికి 18 నెలలు నిండి ఉండాలి. కొనేటప్పుడు తల్లిని చూపించమనండి. తల్లి మనుషులను చూసి మూల నక్కితే ఆ ఈతలోని పిల్లను తీసుకోకపోవడమే మంచిది.

ఒక చిక్కు ఉంది. 1978లో ప్రపంచమంతా పాకిన పార్వో జబ్బు భయంతో టీకాలన్నీ పూర్తయ్యేదాకా పిల్లను బయటికి తియ్యవద్దు అనేవారు. అప్పటికి ఆ పన్నెండు వారాలు దాటిపోతాయి. 2008లో అమెరికా పశువైద్య ప్రవర్తన నిపుణులు దీనికి దారి చెప్పారు. మొదటి టీకా, నట్టల మందు పడిన వారానికి, 7–8 వారాల వయసు నుంచే శుభ్రమైన చోట కొత్త మనుషులను, టీకాలు పడిన కుక్కలను పరిచయం చేయవచ్చు. వీధి కుక్కలు తిరిగే నేల మీద దించకుండా చంకన వేసుకుని బజారు చూపించండి. కుక్కర్ విజిల్, మిక్సీ మోత, ఆటో హారన్, పిల్లల అరుపులు కొద్దికొద్దిగా వినిపించండి. భయపడితే దూరం జరపండి, బలవంతం వద్దు. దీపావళి టపాసు దానికి మొదటి పాఠం కాకూడదు.

జాగిలానికి మెడల్ ఇచ్చేటప్పుడు దాని హ్యాండ్లర్ పేరు చదువుతారు. అది పుట్టిన గదిలో రాత్రులు మేలుకుని పిల్లలను చేతుల్లోకి తీసుకున్న మనిషి పేరు ఎవరూ చదవరు. కానీ మందుపాతర దగ్గర కూర్చున్న ప్రతి జాగిలంలో ఆ మనిషి చేసిన పని ఉంది. మన ఇంట్లో పెరిగే పిల్లకు కూడా ఆ పన్నెండు వారాలు అంతే శ్రద్ధగా ఇద్దాం.

జై హింద్.