కొమరోలు సీమలో ఏడాది గ్రాసం

గిద్దలూరు నుంచి దక్షిణంగా పోరుమామిళ్ల వైపు సాగే దారిలో, పడమట నల్లమలకూ తూర్పున వెలికొండలకూ నడుమనున్న కొమరోలు ప్రాంతంలో, ఒక కుటుంబం కష్టకాలానికి ఎంత వెనకేసుకుందన్న ప్రశ్నకు చాలాకాలం పాటు జవాబు రూపాయల్లో ఉండేది కాదు. ఇంట్లోని జొన్నలు, సజ్జలు, కొర్రలు మళ్లీ కళ్లం పడేదాకా వస్తాయా, రాకపోతే ఎన్ని నెలలకు తరుగుపడుతుంది అన్నదే అక్కడి లెక్క. వానాధారపు మెట్టసాగు తప్ప మరో ఆధారం లేని చోట ఈ నెలల లెక్కే కుటుంబపు అంతస్తునూ, అప్పు పుట్టే యోగ్యతనూ నిర్ణయించింది. కంభం చెరువు కింద తరి పొలాలున్న గ్రామాలది వేరే బతుకు. శ్రీకృష్ణదేవరాయల రాణి, గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని చెప్పే ఆ చెరువు గుండ్లకమ్మ నీటిని ఆపి వరికి ఇచ్చింది గాని, దాని ఆయకట్టుకు వెలుపల ఉన్న మెట్టపల్లెలకు ఆకాశమే దిక్కు.

పాలన మారినా ఈ లెక్క మారలేదు, కాకపోతే బిగుసుకుంది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలిన దత్తమండలాల్లో, అంటే నేటి రాయలసీమతో పాటు దాని అంచునున్న తాలూకాల్లో, కంభం, మార్కాపురం సీమ కూడా ఉంది. మొదట కడప జిల్లాలో ఉన్న ఈ తాలూకాలను 1858లో కర్నూలులో కలిపారు. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడి తరువాత ప్రకాశం పేరు పొందిన జిల్లాలోకి అవి మారాయి. థామస్ మన్రో దత్తమండలాల కలెక్టరుగా వేళ్లూనించిన రైత్వారీ పద్ధతిలో, అంటే మధ్యవర్తి లేకుండా రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే ఏర్పాటులో, ఆ శిస్తును నాణేలలో చెల్లించాలి. అందువల్ల చేతిలో నాణెం లేని రైతు పంట చేతికొచ్చిన రోజుల్లోనే, అందరూ అమ్మడం వల్ల ధర అడుగంటినప్పుడే, కొంత ధాన్యాన్ని వదులుకోవలసి వచ్చింది.

మిగిలిన ధాన్యం ఎంతకాలం నిలుస్తుందో ఒక ఊహాలెక్కతో చూడవచ్చు. కాయకష్టం చేసే పెద్దవారికి రోజుకు 700 గ్రాముల దాకా గింజ కావాలనీ, పిల్లలకు అందులో సగమనీ అనుకుంటే, ఇద్దరు పెద్దలు, ముగ్గురు పిల్లలున్న ఇంటికి రోజుకు సుమారు రెండున్నర కిలోలు, ఏడాదికి 9 క్వింటాళ్లు అవసరమవుతాయి. ఎకరాకు 2 క్వింటాళ్ల చొప్పున అయిదెకరాల మెట్టలో 10 క్వింటాళ్లు పండితే, శిస్తుకూ, విత్తనానికీ, ఉప్పుకూ, బట్టకూ, వడ్రంగి, కమ్మరి, చాకలి, మంగలి వంటి ఊరి వృత్తులవారికి కళ్లంలో కొలిచి ఇచ్చే మేరకూ మూడో వంతు పోగా, మిగిలింది తొమ్మిది నెలలకు సరిపోతుంది. తక్కిన మూడు నెలల కొరతను ముందుగా కోతకొచ్చే కొర్ర, సజ్జ తీర్చాలి. అందుకే ఈ సీమ రైతు ఒకే పంటను నమ్ముకోక, వేర్వేరు కాలాల్లో చేతికొచ్చే గింజలను కలిపి వేసుకునేవాడు. పదెకరాలున్నవాడికి అదే లెక్కన ఏడాదికి అయిదారు నెలల గ్రాసం మిగులుతుంది. అంటే ఒక ఎండిన ఏడాదిని ఈదాలంటే అంతకు ముందు వరుసగా రెండు మంచి పంటలు పండి ఉండాలి. కొమరోలు సీమ పొదుపు చరిత్రలో ఈ ఒకటికి రెండు అన్న నిష్పత్తిని మించిన కీలకం మరొకటి లేదు.

ఆ మిగులును దాచిన విధానమే పాతర. జొన్న పండే దత్తమండలాలన్నిటా విరివిగా వాడుకలో ఉన్న ఈ నేలమాళిగను, నీటి ఊట తగలని గట్టినేల ఎంచుకుని, ఒక మనిషి దిగేంత ఇరుకైన మూతితో, లోపల వెడల్పుగా తవ్వేవారు. అడుగునా, గోడల వెంటా ఎండుగడ్డి లేదా చొప్ప దట్టంగా పేర్చి, బాగా ఎండిన జొన్నలను పోసి, మూతిపై మళ్లీ గడ్డి పరిచి, బండ వేసి, వాననీరు నిలవకుండా మట్టిని దిబ్బగా మెత్తేవారు. లోపల మూసుకుపోయిన గింజ శ్వాసిస్తూ ఉన్న ప్రాణవాయువును వాడేసుకుంటుంది, బొగ్గుపులుసు గాలి నిండుతుంది, ఆ గాలిలో పురుగు బతకదు. మందూ మాకూ లేకుండా ఏళ్ల తరబడి గింజ నిలవడానికి కారణం ఇదే. అదే గాలి మనిషికీ ప్రాణాంతకం కనుక, పాతర తెరిచిన వెంటనే లోపలికి దిగకుండా చాలాసేపు ఆగడం తప్పనిసరి. గోడలకు ఆనిన గింజ తడిసి, రంగు మారి, వాసన పట్టేది. నడిమి గింజ తినడానికి పనికొచ్చేది గాని ఎక్కువ కాలం అలా ఉన్నదానికి మొలక శక్తి పోయేది. కాబట్టి విత్తనాన్ని వేరుగా, బూడిదా వేపాకూ కలిపి, కుండల్లోనో బుట్టల్లోనో ఇంట్లోనే ఉంచేవారు. నిత్యవాడకానికి తీసుకునే గింజ వెదురుతో అల్లి పేడ అలికిన గాదెల్లో ఉండేది. పాతర తెరవడమంటే మాత్రం ఆ ఇల్లు గాదె అడుగు చూసిందనో, బయట ధర బాగా పెరిగిందనో అర్థం. ఒకే గోతిలో కుటుంబపు రక్షణా, వ్యాపారపు ఆశా కలిసి ఉండేవన్న మాటను దాచనక్కరలేదు.

కళ్లంలో సొంత భాగం లేనివారి స్థితి ఇందుకు పూర్తిగా భిన్నం. ఏడాది జీతానికి కుదిరిన పాలేరుకు గింజ కొలతగా అందేది గనుక యజమాని పాతర అతనికీ కొంత అండగా నిలిచేది. దినకూలీకి ఆ మాత్రం కూడా లేదు. పని లేని నెలల్లో అతడు తెచ్చుకునేది నాగు, అంటే తీసుకున్న గింజకు పాతికో సగమో అదనంగా చేర్చి పంటకాలంలో గింజగానే తీర్చే అప్పు. విత్తే వేళకు గింజ ధర ఎక్కువ, కోత వేళకు తక్కువ కావడం వల్ల ఈ వడ్డీ పైకి కనబడేటంత ఉండదని రుణదాతలు వాదించవచ్చు గాని, తీర్చేవాడి ఇంట్లో తగ్గేది గింజే కనుక ఆ వాదన అతనికి అన్నం పెట్టదు. మరుసటి ఏడాది అతని లెక్క ఇంకా ముందుగానే అడుగంటేది.

ఈ ఏర్పాటంతటికీ పరీక్ష 1876లో వచ్చింది. తెలుగు సంవత్సరం పేరు మీద ధాత కరువుగా జనం గుర్తుంచుకున్న ఆ క్షామం ఒక్క ఏడాదితో ఆగక తరువాతి ఈశ్వర నామ సంవత్సరంలోకీ సాగింది. ఒక చెడ్డ ఏడాదికి సరిపడా దాచినవారి పాతరలు రెండో ఏడాదికి ఖాళీ అయ్యాయి, ఇంకా నిండుగా ఉన్నవాటికి ధర మరింత పెరుగుతుందన్న ఆశ మూత బిగించింది. ధాన్యం ధర కూలీ రేటును వెనక్కి నెట్టి ఎన్నో రెట్లు పెరిగింది. పశువులు, ఇత్తడి పాత్రలు, వెండి నగలు అమ్మకానికి వచ్చాయి. కానీ అవన్నీ ఊరంతా ఒకేసారి అమ్మజూపినవి కావడంతో, మంచి రోజుల్లో ఆరు నెలల గ్రాసానికి సమానమైన ఎద్దు కొద్ది రోజుల గింజకు కూడా సరితూగని స్థితి ఏర్పడింది. కరువుకు దాచిన ఆస్తి కరువులోనే విలువ కోల్పోవడం అందరిమీదా ఒకేసారి పడే ఆపదకున్న లక్షణం.

సర్కారు తెరిచిన సహాయపు పనుల్లో, 1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ కూలీని రోజుకు ఒక పౌను గింజకూ, దానిపై కొద్దిపాటి పైకానికీ కుదించాడు. పౌను అంటే 450 గ్రాములకు కాస్త ఎక్కువ. పైన వేసిన లెక్కలోని అవసరంలో మూడింట రెండు వంతులే. ఆ గింజతో కష్టపు పని చేసే శరీరం నిలవదని మద్రాసు ఆరోగ్య కమిషనరు డాక్టర్ కార్నిష్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. కొన్ని నెలల తరువాత మద్రాసు ప్రభుత్వం ఆ కొలతను సవరించింది గాని, ఆలోగా పోయిన ప్రాణాలు తిరిగి రాలేదు. 1871 జనగణనతో పోలిస్తే 1881 నాటికి కర్నూలు జిల్లా జనాభా నాలుగో వంతుకు పైగా తగ్గిపోయింది. ఒక జిల్లా మొత్తానికి ఎన్ని నెలల గ్రాసం ఉండేదో ఇంతకన్నా కఠినంగా తేల్చిన కొలత మరొకటి లేదు.

రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన 1880లో నివేదిక ఇచ్చిన క్షామ కమిషను, జనం చనిపోవడానికి మూలం తిండిగింజల కొరత కన్నా వాటిని కొనే సంపాదన లేకపోవడమేనని తేల్చింది. ఆ ఆలోచన నుంచే క్షామ నియమావళి, రైలు మార్గాల విస్తరణ పుట్టాయి. నంద్యాల నుంచి గిద్దలూరు, కంభం, మార్కాపురం మీదుగా కృష్ణా తీరానికి వేసిన బళ్లారి–కృష్ణా రైలు మార్గం కరువు సీమకు గింజ చేర్చడానికి తలపెట్టినవాటిలో ఒకటి. అది చేర్చిందన్నది నిజం. అదే బండి మంచి ఏళ్లలో మిగులును బయటి సంతలకు మోసుకుపోయిందన్నదీ అంతే నిజం. దూరపు ధరలు దగ్గరయ్యాక, గింజను గోతిలో మూసి ఉంచడం కన్నా అమ్మి నాణెం చేసుకోవడం లాభంగా తోచింది. పాతరలు క్రమంగా వాడుక తప్పాయి. మెట్ట చేలలో అమ్మకానికి పండించే పంటలు పెరిగినకొద్దీ ఇంటి నిల్వ ఇంట్లో కాక షావుకారు పద్దులో కనబడడం మొదలైంది.

నాణెంగా మారిన పొదుపుకు చోటు చూపే ప్రయత్నాలు జరగకపోలేదు. 1882లో తపాలా కార్యాలయపు పొదుపు బ్యాంకు, 1884లో రైతుకు విత్తనానికీ ఎద్దులకూ సర్కారు అప్పునిచ్చే తక్కావి చట్టం వచ్చాయి. ఫ్రెడరిక్ నికల్సన్ మద్రాసు ప్రభుత్వానికి 1895, 1897 సంవత్సరాల్లో సమర్పించిన నివేదికల వెనుకే 1904 సహకార పరపతి సంఘాల చట్టం రూపుదిద్దుకుంది. అయితే ఇవన్నీ చదువూ, పట్టా ఉన్నవారికి ముందు అందాయి. కళ్లంలో భాగం లేనివాడికి తపాలా పుస్తకంలోనూ భాగం తొందరగా దక్కలేదు.

కూలి కుటుంబానికి నిల్వలాంటిది తొలిసారి రాజ్యం నుంచే వచ్చింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయలకు బియ్యం ఇచ్చింది. 2005 ఉపాధి హామీ చట్టం గ్రామీణ కుటుంబానికి ఏడాదికి 100 రోజుల పని హక్కుగా రాసిపెట్టగా, ఆ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. సంపాదన లేకపోవడమే కరువన్న 1880 నాటి తీర్పు పనిని హక్కుగా మార్చడానికి 125 ఏళ్లు పట్టిందన్నమాట. 2013 ఆహార భద్రతా చట్టం కింద తలకు నెలకు 5 కిలోల చొప్పున అయిదుగురికి వచ్చే 25 కిలోలు, కాయకష్టపు పాత కొలతతో చూస్తే పది రోజుల గ్రాసం. మరి ఏ వాన రాకపోయినా, ఎవరి కళ్లంలో భాగం లేకపోయినా ఆ పది రోజులు ప్రతి నెలా వస్తాయి.

ఇంటి ఖర్చులో గింజ వాటా అలా తగ్గిన సీమలో ఇప్పుడు ముందు నిలిచేది నీరు. పాతర తవ్విన తరం గోతి లోతును తన చేతులతో నిర్ణయించుకుంది. భూగర్భజలం అడుగంటిన చోట్ల బోరు వేసే రైతుకు ఆ లోతు ముందుగా తెలియదు, నీరు పడకపోయినా తవ్వకపు ఖర్చు తప్పదు, ఒక్క బోరు విఫలమైతే ఎన్నో ఏళ్ల పొదుపు ఒక్క రోజులో కరుగుతుంది. శ్రీశైలం జలాశయం నుంచి సొరంగాల ద్వారా కృష్ణా జలాలు తెచ్చే పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1990ల్లోనే శంకుస్థాపన జరిగింది. ఆ నీరు పొలాలకు పారే నాటికి ఒక్కో రైతు ఇంటి నుంచి ఎన్ని బోర్ల ఖర్చు తప్పుతుందన్నది కొమరోలు సీమలో ఏడాది గ్రాసపు లెక్కలోకి వచ్చి చేరిన కొత్త పద్దు.