శిక్షయు శిక్షణయు

నంద్యాలకును ఆళ్లగడ్డకును చేరువనే కోవెలకుంట్ల గలదు. కుంపిణీ ప్రభుత్వముపై తిరుగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన నచ్చట జనులెల్లరు చూచుచుండ నురిదీసిరి. ఆయన శిరమును 1877 వఱకును కోటపై వ్రేలాడదీసి యుంచిరి. జనులను భయపెట్టుటయే యానాటి దండనీతి.

చెఱసాలలును ఆ నీతినుండియే పుట్టినవి. 1836లో నేర్పడి 1838లో నివేదిక నొసగిన కారాగార సంఘము, ఖైదీలను చదువుచేతను నీతిబోధచేతను బాగుచేయు తలంపును త్రోసివేసి, విసుగు పుట్టించు కఠినశ్రమయే తగినదని చెప్పెను. ఏడాదికి మించిన శిక్ష గలవారికి సెంట్రలు జైళ్లుండవలెననియు నదియే సూచించెను. తుదకు 1919-20 నాటి జైళ్ల విచారణసంఘము, నేరస్థుని సంస్కరించి మరల సంఘమున నిలుపుటయే కారాగారముయొక్క ధ్యేయమని చాటెను.

నేడు చెఱసాలలయందు అంతరములు గలవు. నంద్యాల, ఆళ్లగడ్డలలోని సబుజైళ్లు క్రింది మెట్టు. ఇందు ముఖ్యముగా విచారణలోనున్న వారిని, స్వల్పశిక్షలు పడినవారిని ఉంచుదురు. దీర్ఘశిక్షలు పడినవారిని కడప, రాజమహేంద్రవరములలోనున్న సెంట్రలు జైళ్లవంటి వానికి పంపుదురు. అచ్చట ఎత్తైన గోడలును గట్టి కావలియు నున్నను, చదువును చేతిపనులును గూడ గలవు. సత్ప్రవర్తనచే నమ్మకము గడించినవారికి అనంతపురమువద్ద రెడ్డిపల్లిలోని బహిరంగ కారాగారము కలదు. అచ్చట ఖైదీలు పొలమున సేద్యము చేయుదురు. గోడకంటె నమ్మకమే వారికి కావలి.

ఇందొక విపరీతము గలదు. నేరము ఋజువైనవానికి బడియు, పనియు, కొంత ఆశయు లభించుచున్నవి. నేరము ఋజువుకానివాడు వాయిదాలు లెక్కించుచు ఊరక కూర్చుండుచున్నాడు. 2022 సంవత్సరాంతమున దేశమందలి 5,73,220 మంది ఖైదీలలో 4,34,302 మంది విచారణలోనున్నవారే! వారిలో నిర్దోషులై వెలువడువారికి, పోయిన కూలిదినముల నెవరు మరల నిత్తురు? వారి బిడ్డలకు అంతవఱకు అన్నమెవరు పెట్టిరి?

2024 జూలై 1వ తేదీన నమలులోనికి వచ్చిన నూతన స్మృతి యీ కష్టమును గుర్తించినది. మరణశిక్షకో యావజ్జీవశిక్షకో తగిన నేరములు దప్ప తక్కినవానియందు, మొదటిసారి నేరారోపణకు లోనైనవాడు గరిష్ఠశిక్షలో మూడవ వంతు కాలము నిర్బంధముననున్నచో, వేఱు వ్యాజ్యములేవియు లేనియెడల, అతనిని పూచీపై విడువవలెను. నిర్బంధమందున్న వారికి ఉచితముగ న్యాయవాది నిచ్చు చట్టము 1987 నాటిదే. అయినను చదువురాని తల్లికి ఈ సంగతి యెవరు చెప్పుదురు? పొరుగున నున్న చదువరులు చెప్పవలదా?

'శిక్ష' యను సంస్కృతపదమునకు నేర్పుట యనియు నర్థము గలదు. ఆ యర్థమును నిలుపుట జైలధికారులవలన మాత్రమే కాదు. చెఱనుండి వచ్చినవానికి పని యిచ్చుటకు మనము వెనుదీసినచో, అతడు లోపల నేర్చిన చేతిపని యెందులకు? కోవెలకుంట్ల కోటపైనుండి ఆ శిరమును దించి యేండ్లు నూటికి మించినవి. భయమే నీతియను తలంపును మన మనస్సులనుండియు దింపుకొనవలసి యున్నది.