పోతపాలు, పుష్టిపొడులు: చరిత్ర చెప్పు సాక్ష్యము



మన యిండ్లలో బిడ్డ పుట్టిన దినమున తల్లి మాట చెల్లుట అరుదు. బిడ్డ నాలుకకు మొదట నేమి తగిలింపవలెనో, ముర్రుపాలు త్రాపవలెనో పిండి పాఱబోయవలెనో, తల్లికి పాలు చాలుచున్నవో లేదో, అంగడినుండి డబ్బా తెప్పింపవలెనో వలదో నిర్ణయించునది ఇంటి పెద్దలే. అందుచేత ఈ ప్రసంగమును తల్లులకంటె ముందు మీకే వినిపింపదలచితిని. ప్రశ్న ఒక్కటే. డబ్బాలలో వచ్చు పోతపాలును, బలమునకని అమ్ము పొడులును, మందులును బిడ్డల యెదుగుదలకు, బుద్ధివికాసమునకు నిజముగా తోడ్పడుచున్నవా? దీనికి ఒక వైద్యుని నోట ఔననియో కాదనియో వినుటకంటె, నూటయరువది యేండ్ల చరిత్రను విని మీరే తీర్పు చెప్పుట మేలు.

డబ్బాపాలు పుట్టకముందు తల్లిని కోల్పోయిన పసికందుకు దిక్కు రెండే. పాలిచ్చు దాది దొరికిన బ్రదుకును. దొరకనిచో ఉగ్గుగిన్నెతో పోసిన ఆవుపాలో మేకపాలో ఆధారము. అట్టి బిడ్డలలో బ్రదికి బట్టకట్టినవారు కొలదిమందియే. ఐరోపాఖండమునందలి అనాథశిశు శరణాలయములలోను ఇదే గతి. దీనికి కారణములు రెండు. మొదటిది, ఆవుపాలు దూడకొఱకు ఏర్పడినవి, మనుష్యశిశువు కొఱకు కాదు. తల్లిపాలలో మాంసకృత్తులు నూటికి ఒక పాలు మాత్రముండగా ఆవుపాలలో మూడు పాళ్లకు మించియున్నవి. తీపియన్ననో తల్లిపాలలోనే హెచ్చు. రెండవది, మలినము. పాలలోను, పాత్రలోను కంటికి కానరాని సూక్ష్మజీవులు చేరుననియు, వ్యాధులకు అవి మూలమనియు పాశ్చర్ మొదలగు పండితులు నిరూపించువఱకు లోకము ఎఱుగదు.

ఇట్టి స్థితిలో 1865వ సంవత్సరమున జర్మనీ దేశపు సుప్రసిద్ధ రసాయనశాస్త్రజ్ఞుడు లీబిగ్ శిశువులకొక ఆహారమును ప్రకటించెను. ఆవుపాలు, గోధుమపిండి, మొలకెత్తించిన ధాన్యపు పిండి, కొంచెము క్షారము చేర్చి వండి, తల్లిపాలతో సరితూగునట్లు లెక్కగట్టితినని ఆయన నమ్మెను. రెండేండ్లకు, అనగా 1867లో, స్విట్జర్లాండులోని వెవే పట్టణమున హెన్రీ నెస్లే అను వర్తకుడు పాలు, గోధుమరొట్టె పొడి, చక్కెర కలిపి ఒక పిండి సిద్ధపఱచెను. నెలలు నిండకుండ పుట్టి, మఱి యేదియు నిముడ్చుకొనలేని ఒక బిడ్డ ఆ పిండితో బ్రదికెనను వార్త దేశదేశముల ప్రాకెను. 1875లో నెస్లే తన వ్యాపారమును పది లక్షల ఫ్రాంకులకు విక్రయించెను. అంతకుముందే, 1856లో, అమెరికాలో బోర్డెను అనునాతడు పాలను చిక్కగా కాచి డబ్బాలో భద్రపఱచుటకు హక్కుపత్రము పొందియుండెను. ఇరువదవ శతాబ్ది మొదట పాలపొడి వచ్చెను. దానితోపాటే బొద్దుగానున్న బిడ్డ బొమ్మలును వచ్చెను. మన యూళ్లలో సయితము బుగ్గలు పొంగిన బిడ్డను చూచి "గ్లాక్సో బేబీ" యనుట మీలో పలువురు ఎఱిగినదే. దిక్కులేని బిడ్డను బ్రదికించుటకు పుట్టిన వస్తువు, దిక్కున్న బిడ్డకు అలంకారముగా మాఱినది ఇచ్చటనే.

లీబిగ్ లెక్కలో తప్పేమి? ఆయన కాలమున కొలువదగినవి మాంసకృత్తులు, క్రొవ్వు, తీపి, లవణములు. వానిని కొలిచి కలిపెను. కొలువరానివి మఱి కొన్ని గలవని ఆనాడెవరికిని తెలియదు. ఆ యజ్ఞానమునకు మూల్యము బిడ్డలే చెల్లించిరి. 1883లో లండను వైద్యుడు థామస్ బార్లో, చిగుళ్లు వాచి, కాళ్లు కదల్పలేక, ముట్టుకొన్న కేకవేయు పసిబిడ్డలను పరీక్షించి, ఇది పూర్వము ఓడ నావికులను చంపిన స్కర్వీ వ్యాధియేయని తేల్చెను. 1898లో అమెరికా శిశువైద్య సంఘమువారు ఇట్టి బిడ్డలు 379 మందిని గూర్చిన వివరములు సేకరించిరి. అందు 214 మంది డబ్బా పిండియాహారములతో పెరిగినవారు. తల్లిపాలు మాత్రమే త్రాగినవారు పదిమంది. ఎక్కువగా కాచినపుడు పాలలోని విటమిను ‘సి’ నశించుటయు, పొడులలో అది లేకుండుటయు దీనికి కారణమని తరువాత తెలిసినది. చిత్రమేమనగా, ఆ బిడ్డలకు నారింజరసము కొలదిగా పోసిన కొన్ని దినములలోనే నొప్పులు తగ్గెను. ఇట్లే 1919లో ఇంగ్లండులో మెల్లన్‌బీ అను శాస్త్రజ్ఞుడు, ఎముకలు వంగిపోవు రికెట్సు వ్యాధి చేపనూనెతో నివారణ మగునని కుక్కపిల్లలపై పరీక్షించి చూపెను. ఈ జ్ఞానము ఫలితముగా పోతపాలు క్రమక్రమముగా బాగుపడినవి. నేటి డబ్బాపాలు లీబిగ్ నాటివానికంటె ఎన్నో మడుగులు మేలైనవనుట న్యాయము.

కాని పాలు బాగుపడినంత మాత్రమున పాలు కలుపు నీరు బాగుపడదు గదా! డాక్టరు సిసిలీ విలియమ్సు అను వైద్యురాలు ఆఫ్రికాలోని గోల్డుకోస్టులో పనిచేసి, పాలు మాన్పించిన బిడ్డలు చాలినంత పోషణలేక ఒడలు ఉబ్బి చనిపోవు క్వాషియోర్కర్ వ్యాధిని 1930వ దశకమున లోకమునకు తెలిపిన విదుషి. ఆమె తరువాత మలయా దేశమునకు పోగా, అచ్చట తీపి డబ్బాపాలను శిశువులకు శ్రేష్ఠములని చెప్పి తల్లులకు అంటగట్టుట చూచెను. 1939లో సింగపూరులో పురప్రముఖుల సభయందు ఆమె చేసిన యుపన్యాసమునకు పెట్టిన పేరు "పాలు, హత్య" యని. తెలిసి చేసినను తెలియక చేసినను, తల్లిపాలు మాన్పించి తగని పాలు పోయించుట శిశుహత్యతో సమానమని ఆమె నిర్భయముగ పలికెను.

ఆమె కోపమునకు మూలమైన సంగతి సులభముగా గ్రహింపవచ్చును. బిడ్డ చీకినకొలది తల్లికి పాలు ఊరును. చీకుట తగ్గినకొలది ఇంకిపోవును. ఊరబావి నీరు తోడినకొలది ఊరునట్టిదే ఇదియు. పాలు చాలవేమోయను శంకతో నాలుగుదినములు సీసా పట్టిన, అయిదవనాటికి ఆ శంక నిజమగును. పిమ్మట డబ్బా విడువరాదు. డబ్బా వెల పెద్దది. కావున బీదయిల్లాలు ఒక డబ్బాను రెండు డబ్బాల కాలము రావలెనని నీరు హెచ్చుగా కలుపును. ఆ నీరు చెఱువునుండి వచ్చినది, సీసా సరిగా కాగనిది. బిడ్డకు విరేచనములు పట్టును. ఎవరి చేతనో ప్రాణము పోయినట్లు కానరాదు. డబ్బాపై బొమ్మ నవ్వుచునే యుండును.

1970వ దశకమున ఈ సంగతి లోకమున పెద్ద వివాదమయ్యెను. 1977లో అమెరికాలో నెస్లే సరకుల బహిష్కారోద్యమము మొదలయ్యెను. 1981 మే నెలలో ప్రపంచ ఆరోగ్యసభ తల్లిపాలకు బదులుగా అమ్ము వస్తువుల వ్యాపారమునకు ఒక నియమావళిని అంగీకరించెను. 118 దేశములు అనుకూలముగను, అమెరికా ఒక్కటియే ప్రతికూలముగను ఓటు వేసెను. మూడు దేశములు తటస్థముగ నుండెను. మన దేశము 1992లో శాసనము చేసి, 1993 ఆగస్టు 1వ తేదీనుండి అమలు జరిపెను. 2003 సవరణతో రెండేండ్లలోపు బిడ్డల డబ్బా ఆహారములకు ప్రకటనలు చేయుట, తల్లులకు ఉచిత డబ్బాలు పంచుట నిషిద్ధము. డబ్బాపై బిడ్డ బొమ్మ వేయరాదు.

ఇంతవఱకు ప్రాణముల మాట. ఇక బుద్ధి మాట. 1996, 1997 సంవత్సరములలో బెలారస్ దేశమున 31 ఆస్పత్రులలో 17,046 మంది బిడ్డలతో ఒక గొప్ప పరీక్ష జరిగెను. కొన్ని ఆస్పత్రులలో తల్లులకు పాలిచ్చుటయందు ప్రత్యేకముగ తోడ్పడిరి. తక్కినచోట్ల వాడుక ప్రకారము విడిచిరి. మొదటి గుంపున మూడవ నెలలో తల్లిపాలు మాత్రమే త్రాగుచున్నవారు నూటికి 43 మంది. రెండవ గుంపున ఆరుగురు. మొదటి యేట కడుపు వ్యాధులు వచ్చినది రెండవ గుంపున నూటికి 13 మందికి, మొదటి గుంపున 9 మందికి. ఆఱున్నర యేండ్ల వయస్సున మాటల నేర్పును గూర్చిన బుద్ధిపరీక్షలో మొదటివారు ఏడు పాయింట్లు మించిరి. పదునాఱవ యేట ఆ భేదము చాలవఱకు తగ్గి, కొంచెము మాత్రము నిలిచెను. కావున తల్లిపాలు త్రాగిన ప్రతిబిడ్డయు పండితుడగునని చెప్పుట అతిశయోక్తి. వ్యాధినుండి రక్షణ మాత్రము స్థిరమైన లాభము.

డబ్బాపాలకు మెదడు పెంచు క్రొవ్వులనియు, ఇంక నేవియో యనియు చేర్చి హెచ్చు వెలకు అమ్ముటయు కలదు. వాని సంగతి యేమి? ఇంగ్లండులో 1993 మొదలు 2001 వఱకు ఇట్టి ఏడు పరీక్షలు జరిగెను. ఆ బిడ్డలు పెరిగి పదునాఱవ యేట వ్రాసిన బడిపరీక్షల మార్కులను 2021లో పండితులు సరిచూచిరి. మొత్తము 1,763 మంది. చేర్పుగల పాలు త్రాగినవారు మామూలు పోతపాలు త్రాగినవారికంటె ఏ చేర్పువలనను మిన్నగానుండలేదు.

ఇది విని, పైనుండి ఇచ్చునవి యన్నియు వృథాయని తలపకుడు. చరిత్రలో దీనికి ఎదురు సాక్ష్యము కలదు. ఆ సాక్ష్యములో మన తెలుగువారి పేళ్లే ముందున్నవి. శ్రీకాకుళమున పుట్టిన డాక్టరు వులిమిరి రామలింగస్వామిగారు, తోడివారితో కూడి, 1956 మొదలు హిమాలయ పాదమున కాంగ్రాలోయలో ఒక పరీక్ష నడిపిరి. కొన్ని యూళ్లకు అయొడిను కలిపిన ఉప్పు, కొన్నిటికి మామూలు ఉప్పు సరఫరా చేసిరి. కొన్ని యేండ్లలోనే అయొడినుప్పు తిన్న యూళ్లలో మెడవాపు వ్యాధి ఎంతో తగ్గెను. గర్భిణికి అయొడిను మిక్కిలి తక్కువైనచో బిడ్డ మందబుద్ధిగా, చెవిటిమూగగా పుట్టవచ్చును. ఇట్టి మహోపద్రవమును ఆపినది ఖరీదైన డబ్బా కాదు, పిడికెడు ఉప్పు.

భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలో 1945లో ఫోలికామ్లము కృత్రిమముగా తయారయ్యెను. 1991లో ఆంగ్ల వైద్యులు ప్రకటించిన పరీక్షయందు, మునుపు వెన్నుపాము లోపముగల బిడ్డను కన్న తల్లులు మఱల గర్భము ధరింపకముందునుండియే దీనిని పుచ్చుకొనగా, ఆ లోపము నూటికి 72 వంతులు తగ్గెను. వెన్నుపాము గర్భము నిలిచిన మొదటి నాలుగు వారములలోనే మూసికొనును. కావున ఈ మాత్ర ముందుగా మొదలిడవలెను. ఇక 1958లో కూనూరునుండి హైదరాబాదునకు వచ్చిన పోషణ పరిశోధనాలయమువారి కృషితో, విటమిను ‘ఎ’ లోపమున పిల్లల కన్నులు పోకుండ ఆఱు నెలలకొకసారి మందు పోయు పథకము 1970లో దేశమున ఆరంభమయ్యెను.

ఈ రెండు విధముల సాక్ష్యమును ప్రక్కప్రక్కన నుంచి చూడుడు. ఎండిన చేనికి ఒక తడి పెట్టిన పంట నిలుచును. నిండిన మడికి మఱల నీరు పెట్టిన గట్టు తెగును, పంట హెచ్చదు. స్కర్వీ బిడ్డకు నారింజరసము, కాంగ్రా తల్లికి అయొడినుప్పు ఎండిన చేనికి తడి వంటివి. తల్లిపాలు సమృద్ధిగా త్రాగు బిడ్డకు డబ్బాపాలు, ఇంటి తిండి సరిగా తిను పిల్లవానికి పుష్టిపొడి నిండిన మడికి నీరు వంటివి. లోటు ఉన్నచోట ఆ లోటు తీర్చునదే మేలు చేయును. లోటు లేనిచోట సొమ్ము పోవుటయే ఫలము. తల్లిపాలను త్రోసివేసినచో బిడ్డకే చేటు. పెద్దపిల్లలకని అమ్ము రుచిగల పొడులలో పెక్కింటిలో చక్కెర హెచ్చు. 2024 ఏప్రిలులో కేంద్రప్రభుత్వము వానిని "ఆరోగ్య పానీయములు" అను శీర్షిక క్రింద చూపవలదని అంతర్జాల వర్తకులకు ఆదేశమిచ్చెను.

ఇప్పుడు మీ వంతు. ఆవు ఈనిన దినమున జున్నుపాలు దూడ త్రాగనిచో దూడ దక్కదని ఎఱిగిన రైతు, తన మనుమనికి ముర్రుపాలు పిండి పాఱబోయించుట చూచి నేను పలుమార్లు ఆశ్చర్యపడితిని. దూడకు తెలిసిన న్యాయము మనుమనికి పనికిరాదా? బిడ్డ పుట్టిన గంటలోనే తల్లి రొమ్మునకు చేర్పింపుడు. తేనె, చక్కెరనీరు, ఆముదము వలదు. ఆఱు నెలలు తల్లిపాలు తప్ప నీరు సయితము అక్కఱలేదు. ఆఱవ నెల నిండినపిదప తిండి మొదలిడి, రెండేండ్లును అంతకు మించియు పాలు సాగింపవచ్చును. ఆ తిండికి హైదరాబాదు పరిశోధకులు చెప్పిన పాళ్లు ఇవి: వేయించిన గోధుమలు 40 గ్రాములు, సెనగలు 16, వేరుసెనగలు 10, బెల్లము 20. పొడిచేసి కలిపిన 330 కేలరీలు, 11 గ్రాముల మాంసకృత్తులు లభించును. ఇందులో మన యంగడిలో దొరకనిది ఏదియు లేదు.

తల్లి లేని బిడ్డకును, వ్యాధిచేతనో మఱి యే కారణముచేతనో పాలీయలేని తల్లి బిడ్డకును పోతపాలు నేడును ప్రాణదానమే. అట్టి తల్లిని నిందింపకుడు. వైద్యుని యడిగి, నీరు తెర్లకాచి, డబ్బాపై చెప్పిన కొలత తప్పక, సీసాకు బదులు కడిగి కాచిన గిన్నెతోను చెంచాతోను పట్టింపుడు. నెలలు నిండని బిడ్డకు, బరువు తక్కువ బిడ్డకు వైద్యుడు వ్రాసిన చుక్కలు మానరాదు. తక్కిన బిడ్డలకు డబ్బా కొనదలచినపుడు మాత్రము ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఈ బిడ్డకున్న లోటేది? దానికి సమాధానము దొరకనిచో, ఆ డబ్బా వెలతో బాలింతకు పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, పాలు కొని పెట్టుడు. తల్లి బలమే బిడ్డకు బలము.