బ్రౌజర్‌లో జావా బైట్‌కోడ్: డాపియో ఇంటర్‌ప్రెటర్ నిర్మాణం – ఒక పరిశీలన

డెస్క్‌టాప్ కోసం రాసిన ప్రోగ్రామును యథాతథంగా బ్రౌజర్‌లో నడపడానికి అడ్డు వచ్చేది భాష ఒక్కటే కాదు. కోడ్‌ను జావాస్క్రిప్ట్‌లోకి మార్చుకోవచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ కల్పించే వెసులుబాట్లను మాత్రం అంత తేలిగ్గా తేలేం. ఫైలు చదవడం పూర్తయ్యేదాకా అక్కడే ఆగడం, పలు థ్రెడ్లు నడపడం, ఎంతసేపైనా లెక్కలు చేసుకోవడం డెస్క్‌టాప్ ప్రోగ్రాముకు మామూలు విషయాలు. బ్రౌజర్ పేజీలో ఇవేవీ నేరుగా కుదరవు. ఆమ్‌హర్స్ట్‌లోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ విల్క్, ఎమరీ బెర్గర్ రూపొందించి, 2014లో ప్రోగ్రామింగ్ భాషల సదస్సు పీఎల్‌డీఐలో వివరించిన డాపియో ఈ సమస్యను బైట్‌కోడ్ ఇంటర్‌ప్రెటర్ ద్వారా పరిష్కరించింది.

బ్రౌజర్ విధించే నియమం

పేజీలోని జావాస్క్రిప్ట్ ఒకే థ్రెడ్‌లో నడుస్తుంది. క్లిక్, టైమర్, నెట్‌వర్క్ జవాబు వంటివన్నీ ఒక వరుసలో చేరతాయి. ఒకదాని ఫంక్షన్ పూర్తిగా ముగిశాకే తర్వాతిదానికి వంతు వస్తుంది. ఫైలు, నెట్‌వర్క్ పనుల ఫలితాలు కూడా కాల్‌బ్యాక్‌లుగా ఈ వరుసలోనే రావాలి. కాబట్టి ఫలితం కోసం లూప్‌లో కాచుకున్న ప్రోగ్రాముకు అది ఎన్నటికీ అందదు. పేజీ మాత్రం బిగుసుకుపోతుంది. వంతు వదలాలంటే అప్పటిదాకా పిలిచిన ఫంక్షన్లన్నీ ముగియాలి. మధ్యలో ఆగి, కాల్ స్టాక్ మొత్తాన్ని దాచుకుని, మళ్లీ అక్కడినుంచే సాగే వీలు జావాస్క్రిప్ట్‌లో లేదు.

స్టాక్‌పై అదుపు

జావా క్లాస్ ఫైలులో ఉండేవి స్టాక్ ఆధారిత వర్చువల్ మెషీన్ ఆదేశాలు. ప్రతి ఆదేశానికీ ఒక బైట్ సంకేతం ఉంటుంది. ఉదాహరణకు 96 సంకేతం గల ‘ఐయాడ్’ స్టాక్ పైనున్న రెండు పూర్ణాంకాలను తీసి, వాటి మొత్తాన్ని తిరిగి స్టాక్‌పై పెడుతుంది. డాపియో వీటిని ఒక్కొక్కటిగా చదివి అమలు చేస్తుంది. ప్రతి మెథడ్ కాల్‌కు చెందిన లోకల్ వేరియబుళ్లు, ఆపరాండ్ స్టాక్, తర్వాతి ఆదేశం స్థానం ఒక జావాస్క్రిప్ట్ ఆబ్జెక్ట్‌లో ఉంటాయి. బ్రౌజర్ కాల్ స్టాక్‌తో వాటికి సంబంధం లేదు. అందువల్ల ఇంటర్‌ప్రెటర్ ఆదేశానికీ ఆదేశానికీ మధ్య ఆగి, వంతు వదిలి, తర్వాత అక్కడినుంచే కొనసాగగలదు.

ఫలితం కోసం ఆగడం, థ్రెడ్లు నడపడం దీని ఆధారంగానే అమరాయి. ఫైలు చదవాల్సి వస్తే డాపియో ఆ జావా థ్రెడ్‌ను నిలిపి, కాల్‌బ్యాక్ రాగానే మేల్కొల్పుతుంది. జావా ప్రోగ్రాముకు అది మామూలు నిరీక్షణగానే తోస్తుంది. ఒక్కో థ్రెడ్‌కు విడి స్టాక్ ఉంచి, వాటిని వంతులవారీగా నడిపిస్తుంది. వంతు వదిలి తిరిగి రావడానికి టైమర్ మీదే ఆధారపడితే, వరుసగా పెట్టే టైమర్లకు బ్రౌజర్లు కనీసం 4 మిల్లీసెకన్ల ఎడం పాటిస్తాయి కనుక కాలం వృథా అవుతుంది. అందుకే సందేశం పంపుకోవడం వంటి వేగవంతమైన మార్గాలను వాడుతుంది. ఇక యూనిక్స్ తరహా ఫైల్ సిస్టమ్‌ను బ్రౌజర్‌ఎఫ్‌ఎస్ అనే భాగం అందిస్తుంది. జావాస్క్రిప్ట్ సాధారణ సంఖ్యలు 53 బిట్లకు మించిన పూర్ణాంకాలన్నిటినీ కచ్చితంగా చూపలేవు కాబట్టి, జావా 64 బిట్ల ‘లాంగ్’ను రెండు 32 బిట్ల భాగాలుగా లెక్కించాల్సి వచ్చింది.

మూల్యం, తర్వాతి దశ

జావా కంపైలర్, జావాలో రాసిన జావాస్క్రిప్ట్ ఇంజిన్ రైనో వంటి పెద్ద ప్రోగ్రాములు డాపియోపై మార్పు లేకుండా నడిచాయి. వేగం మాత్రం డెస్క్‌టాప్ జావా వర్చువల్ మెషీన్ హాట్‌స్పాట్‌లోని ఇంటర్‌ప్రెటర్ కన్నా పదుల రెట్లు తక్కువ. బ్రౌజర్ జిట్ కంపైలర్ మెరుగుపరిచేది ఇంటర్‌ప్రెటర్ లూప్‌నే. అందులో నడిచే జావా ప్రోగ్రాము దానికి డేటాగానే కనిపిస్తుంది.

2015లో క్రోమ్ పాత తరహా ప్లగిన్లను పూర్తిగా తొలగించడంతో జావా ఆప్లెట్లకు ఆ దారి మూసుకుపోయింది. లీనింగ్ టెక్నాలజీస్ సంస్థ చీర్ప్‌జే ఆప్లెట్లనూ స్వింగ్ విండోలనూ తిరిగి బ్రౌజర్‌లోకి తెచ్చింది. వేగం కోసం అది కంపైలేషన్‌ను ఆశ్రయించింది. 2019లో డబ్ల్యూ3సీ ప్రమాణమైన వెబ్అసెంబ్లీ వేగం కొరతను చాలావరకు తీర్చినా, తన కాల్ స్టాక్‌ను తానే దాచుకునే శక్తి దాని తొలి రూపానికి లేదు. ఆ లోటును ఎమ్‌స్క్రిప్టెన్ కంపైలర్‌లోని అసింకిఫై పూరిస్తుంది. కోడ్ మధ్యలో ఆగి తిరిగి సాగేలా కంపైల్ దశలోనే దాన్ని మార్చడం దాని పని. ఇంటర్‌ప్రెటర్‌కు నిర్మాణంలోనే ఉన్న ఈ వెసులుబాటును కంపైల్ చేసిన కోడ్‌కు విడిగా సమకూర్చాలి. డాపియో వేగాన్ని వదులుకుని పొందినది దీన్నే.